సఫ్తవ్వకు సహించిన కూర

పోయిన వారం జంఫీర్‌ని గుండిగ పక్కన, చేతిలో గరిటెతో, ఊరంతా మెచ్చుకుంటుంటే తల ఎత్తలేక నిలబడ్డ చోట వదిలేశాం. ఆ భాగం చేతికందని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పుకుని ముందుకు పోదాం.

గ్రూయెనీ ఊళ్ళో సఫ్తవ్వ బతికుండగానే తన చావు భోజనాలు తనే పెట్టుకుంది. ఆ ఊళ్ళో అది వింతేమీ కాదు. పోయాక పిల్లలు పెడతారో పెట్టరో, పెట్టినా ఉప్పు సరిగ్గా వేస్తారో వెయ్యరో ఎవడికి తెలుసు? కళ్ళ ముందు, తన చేత్తో, కొవ్వొత్తి వెలిగించి ఊరికి పెట్టిన గిన్నెడు కూరే రేపు అవతలి లోకంలో తన ముందుకొస్తుందని వాళ్ళ నమ్మకం. నియమం తప్పి పెడితే మాత్రం అది చేరదు. అక్కడ బల్ల ఖాళీగా ఉంటుంది, దాని ముందు మనం కూర్చుని ఉంటాం.

అవి మరియమ్మ పండగ ముందరి ఉపవాస రోజులు. మాంసం, గుడ్డు, పాలు, పందికొవ్వు ముట్టకూడదు. పండగ దాటాక పెట్టుకోవచ్చు కదా అంటే, డాక్టరు "పండగ దాకా ఉంటే గొప్పే" అన్నాడు. అందుకని సఫ్తవ్వ శనివారమే పెట్టేసింది. వంట జంఫీర్‌ది. పెళ్ళిళ్ళన్నీ పెద్ద రోడ్డు మీద గోగు కట్టిన హాలుకి పోయాక, జంఫీర్‌కి మిగిలినవి చావులే. ఆ గోగు కూడా భోజనానికొచ్చి, "ఏం బావా, బతికున్నవాళ్ళకి కూడా వండుతున్నావా ఈమధ్య?" అన్నాడు. జంఫీర్ ఊరుకోలేదు. మాటకు మాట పెరిగింది. ఇద్దరూ గేటు దగ్గర అరుచుకుంటుంటే ఇక్కడ చిక్కుడు గింజల గుండిగ అడుగంటింది.

అడుగంటిన గుండిగను కదపకూడదు. పైనుంచి నెమ్మదిగా వేరే గిన్నెలోకి వంపుకోవాలి. ఆ సంగతి నేర్పింది సఫ్తవ్వే. జంఫీర్ కంగారులో గరిటె అడుక్కంటా దింపి గీకాడు. మాడు మొత్తం పైకి లేచింది. ఊరు బల్లల ముందు కూర్చుని ఉంది. ఒక్క నిమిషం ఆలోచించాడో లేదో, సఫ్తవ్వ కొట్టుగదిలోకి దూరి, పొగబెట్టిన పంది మాంసం నిలవ చేసిన జాడీలోంచి రెండు గరిటెల కొవ్వు తెచ్చి వేసేశాడు. మాడు వాసనకీ పొగ వాసనకీ చుట్టరికం ఉంది. ఒకటి ఇంకోదాని వెనక దాక్కుంటుంది.

జనం నాకేశారు. "మాంసం లేకుండా ఈ రుచి ఎక్కడిదయ్యా?" అని అడిగితే, "పొగబెట్టిన ప్లమ్ పండ్లు వేశాను" అన్నాడు. వసంతం నుంచీ ఏమీ సహించక, సూపు చూస్తే మొహం తిప్పుకునే సఫ్తవ్వ, గిన్నె ఊడ్చి తిని, "ఇంకుందా?" అంది.

అసలు ముల్లు అక్కడ దిగింది.

*

ఆదివారం సఫ్తవ్వ మళ్ళీ అదే కూర అడిగింది. జంఫీర్ ఇంట్లో కూర్చుని, నూనెతో, నిజంగానే ప్లమ్ పండ్లు వేసి, శుద్ధంగా వండి పంపాడు. ఒక చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు జరిపిందట. సోమవారం ఇంకా జాగ్రత్తగా వండాడు. అదీ అంతే. ఆ మధ్యలో ఇంకేదీ ముట్టలేదు. మొక్కజొన్న సంకటి వద్దంది. టమాటా పులుసు వద్దంది. పుచ్చకాయ ముక్క నోట్లో పెట్టుకుని, నీళ్ళు మింగి పిప్పి ఊసేసింది.

మంగళవారం పొద్దున్నే సఫ్తవ్వ కూతురు ఇలింకా ఖాళీ గిన్నె పట్టుకుని జంఫీర్ పెరట్లోకి వచ్చింది. నలభై దాటిన మనిషి. సొంత చెల్లెలు కాకపోయినా చిన్నప్పటి నుంచీ వాడిని అన్నా అనే పిలుస్తుంది. ఎండకు తలగుడ్డ నుదుటిమీదికి లాక్కుని, పెరటి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పొయ్యి వెలిగించలేదేం అన్నా?"

"వెలిగించి ఏం చెయ్యమంటావ్? నిన్న పంపిన కూర కుక్కకు పెట్టారంటగా."

"కుక్క కూడా వాసన చూసి వెళ్ళిపోయింది."

మామూలుగా అయితే ఈ మాటకు జంఫీర్ ఎగిరి పడేవాడు. ఆ రోజు ఉల్లిపాయ పొట్టు ఒకటి బల్లమీద ఉంటే దాన్ని గోటితో చీలుస్తూ కూర్చున్నాడు.

ఇలింకా గిన్నె బల్లమీద పెట్టింది. "శనివారం కూర వండు."

"నిన్న వండింది అదే."

"కాదు."

"అదే అంటుంటే వినవేమే. అవే గింజలు, అదే ఉల్లిపాయ, అవే ప్లమ్..."

"జంఫీరన్నా," అంది ఆమె, నెమ్మదిగా. "గుండిగ కడిగింది ఎవరు?"

ఉల్లిపొట్టు చీల్చడం ఆగింది.

"శనివారం రాత్రి నానబెట్టి, పొద్దున్నే బావి నీళ్ళు పోశాను. అంచు చుట్టూ తెల్లగా పేరుకుంది. గోరు పెడితే గీత పడింది. నూనె గడ్డకడుతుందా అన్నా? నువ్వు చెప్పు, నువ్వు వంటోడివి. తర్వాత కొట్టుగదిలోకి వెళ్ళి జాడీ తీశాను. నేను ఎప్పుడు కొవ్వు తీసినా పైన చేత్తో నునుపు చేసి మూత పెడతాను, గాలి తగలకుండా. అందులో నీ గరిటె గుంట అలాగే ఉంది."

జంఫీర్ మూడు రోజులుగా ఎవరైనా ఈ మాట అనాలని లోపల ఎక్కడో ఎదురు చూశాడు. అంటే తేలికపడతాననుకున్నాడు. తేలికపడలేదు.

"ఊళ్ళో ఎవరికైనా చెప్పావా?" అన్నాడు. అని, ముందు నోట్లోంచి వచ్చిన మాట ఇదేనా అని తనమీద తనకే ఉమ్మెయ్యాలనిపించింది.

"చెప్తే నీ గిన్నె పట్టుకుని ఎందుకొస్తాను?"

"నేనే చెప్పేస్తాను ఇలింకా. ఇవాళే. పెద్దమ్మ కాళ్ళమీద పడి..."

"చెప్పవు."

"మధ్యాహ్నం ఫాదర్ సత్ప్రసాదం పట్టుకుని వస్తున్నాడు కదే! నియమం తప్పిన నోటితో ప్రభువు శరీరమైన ఆ రొట్టె మింగితే నిప్పుకణిక మింగినట్టు అని చిన్నప్పటి నుంచీ మనకి చెప్పింది మీ అమ్మే. ఆవిడ పదేళ్ళ పిల్లప్పటి నుంచీ ఒక్క నియమం తప్పలేదు. కాన్పులప్పుడు కూడా పాలు ముట్టలేదట. నా గరిటెతో నేను... భోజనం కూడా చెడింది. ఊరంతా తిని పోయింది, ఆవిడకి అక్కడ ఒక్క మెతుకు లేదు. అది నాకు తెలుసు, ఆవిడకి తెలీదు. నన్ను చూసినప్పుడల్లా నవ్వుతుంది, ఏం చెయ్యను నేను?"

ఇలింకా బల్లమీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగింది.

"నువ్వు చెప్తే ఏమవుతుందో నేను చెప్తా విను. నీ గుండెల మీద బరువు దిగుతుంది. హాయిగా నిద్రపోతావు. మా అమ్మ ఆ క్షణం నుంచి చెంచా ముట్టదు. నియమం పోయిందని ఏడుస్తూ వారంలో పోతుంది. నీ నిద్ర కోసం మా అమ్మని చంపుతావా?"

"అది కాదు..."

"ఏది కాదు? వసంతం నుంచీ నేను వండని కూర లేదు. కోడి పులుసు, పాల సంకటి, జున్ను రొట్టె. నియమం లేని రోజుల్లో కూడా ఒక్కటీ దిగలేదు. శనివారం నీ కూర తిని, ఆ సాయంత్రం లేచి గుమ్మం దాకా నడిచింది. కోళ్ళని తిట్టింది అన్నా! ఎన్నాళ్ళయిందో తెలుసా మా అమ్మ కోళ్ళని తిట్టి?" కళ్ళు తుడుచుకుంది, కోపంగా, వాటినే తిడుతున్నట్టు. "నాకు మా అమ్మ ఇక్కడ కావాలి. అక్కడి బల్లమీద ఏముంటుందో అక్కడికెళ్ళాక చూసుకుంటుంది."

"మరి పాపం?"

"నా మీద వెయ్యి. నీ మీద ఉన్న కుప్ప చాలదా, ఇది కూడా నీకే కావాలా?"

ఆ మాటతో పాటు తలగుడ్డ కొంగులోంచి చిన్న గాజు సీసా తీసి బల్లమీద పెట్టింది. అందులో కొవ్వు, తెల్లగా, పొగ రంగు చారలతో. ఎండకు అప్పుడే అంచుల్లో కరగడం మొదలుపెట్టింది.

జంఫీర్ చాలాసేపు దానివైపు చూశాడు. శనివారం వేసింది కంగారులో. మనిషన్నాక కంగారు పడతాడు, దేవుడికి కూడా ఆ మాత్రం తెలియకపోదు అని మూడు రోజులుగా తనకు తాను చెప్పుకుంటున్నాడు. ఇప్పుడు వేస్తే ఆ మాట కూడా మిగలదు.

లేచి పొయ్యి వెలిగించాడు.

*

రోత పుట్టించిన సంగతి ఏమిటంటే, చేతులు సంతోషించాయి. కొవ్వు కరిగి ఉల్లిపాయ చుట్టూ బుడగలు లేస్తుంటే, ఎర్ర మిరప పొడి వేసి వెంటనే నీళ్ళు చల్లి, నానిన గింజలు వంపి, వెల్లుల్లి నలిపి, వామాకులాంటి ఎండు ఆకు అరచేతుల్లో రాచి జల్లుతుంటే, రెండు రోజులుగా బిగుసుకుపోయిన చేతులు వాటంతట అవే ఆడాయి. వాసన లేచింది. నోట్లో నీళ్ళూరాయి. ఆ నీళ్ళు మింగుతూ ఏడ్చాడు. వంటవాడి ఏడుపు ఎవడు నమ్ముతాడు? ఉల్లిపాయ ఖాతాలో పోతుంది.

ఇలింకా గుమ్మంలో కూర్చుని చూసింది. దించాక గిన్నెలో వేసుకుని, గుడ్డ కప్పి, "నువ్వు కూడా రా," అంది. "అమ్మ రమ్మంది. సత్ప్రసాదం ముందు అందర్నీ క్షమాపణ అడుగుతోంది. నువ్వు రాకపోతే అనుమానం వస్తుంది." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "అన్నా. మా నాన్న సమాధి మీద ఒట్టు. నోరు విప్పావంటే ఈ జన్మలో నీ గడప తొక్కను."

*

సఫ్తవ్వ మంచం కిటికీ పక్కకు జరిపించుకుంది. తెల్ల తలగుడ్డ, ఇస్త్రీ చేసిన జాకెట్టు, మెళ్ళో శిలువ. కిటికీ బయట ద్రాక్ష పందిరి, ఇంకా పచ్చి కాయలే. ఆ మంచంలో ఆమె గుప్పెడు ఎముకలు కప్పిన దుప్పటిలా ఉంది గానీ, గిన్నె వాసన గుమ్మం దాటేసరికి ముక్కు పుటాలు కదిలాయి.

"వచ్చావా జంఫీరూ? రా రా. రెండు రోజులు నాకు గడ్డి పంపి ఏడిపించావు కదరా. ముసల్దాన్ని, ఏం ఇచ్చినా తింటుందనుకున్నావా?"

"ప్లమ్ పండ్లు మంచివి దొరకలేదు పెద్దమ్మా," అన్నాడు. ఎంత తేలిగ్గా వచ్చిందో అబద్ధం. మూడు రోజుల్లో వేళ్ళు దిగిపోయింది.

ఇలింకా వెనక దిండు పెట్టి కూర్చోబెట్టి, గిన్నె ఒళ్ళో పెట్టింది. సఫ్తవ్వ ముందు గిన్నెమీద శిలువ గుర్తు వేసింది. జంఫీర్ కళ్ళు గోడవైపు తిప్పుకున్నాడు. గోడమీద మరియమ్మ పటం. అక్కణ్ణుంచి నేలవైపు తిప్పుకున్నాడు.

ఒక చెంచా. రెండు. మూడో దానికి రొట్టె ముంచుకుంది.

"ఇదీ," అంది నోటినిండా. "ఇదిరా! కడుపులోకి దిగుతుంటే ఎవరో లోపల దీపం పెట్టినట్టుంది. ఇలింకా, చూశావా, నీకు ఇన్నేళ్ళు నేర్పినా రాలేదు. వీడికి నాలుగో తరగతితో చదువు అటకెక్కితే, వీపు మీద ఒకటేసి ఉల్లిపాయలు ఒలవమన్నాను. ఇవాళ నన్ను మించిపోయాడు."

"అలా అనకు పెద్దమ్మా."

"అంటాను. నా నోరు, నా చావు." మళ్ళీ నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించి, చెంచా గిన్నెలో ఉంచి, జాకెట్టు సర్దుకుంది. "కాసేపట్లో ఫాదర్ వస్తాడు. పక్కింటి వాళ్ళని అడిగాను. కోడలితో మూడేళ్ళుగా మాటల్లేవు, దాన్నీ పిలిపించి అడిగాను. ఆ గోగుని కూడా. గొర్రె చోరీ సంగతి ఒకటుందిలే, నీకెందుకు. ఇక నువ్వొక్కడివే మిగిలావు. దగ్గరకు రా."

జంఫీర్ మంచం దగ్గర మోకాలిమీద కూర్చున్నాడు. ఆ ఊరి పద్ధతి వాడికి తెలుసు. అడిగినవాళ్ళు "నన్ను క్షమించు" అంటారు. ఎదుటివాడు "దేవుడు నిన్ను క్షమించుగాక" అనాలి. అంతే. ఎందుకు, ఏమిటి అని తర్కాలుండవు. అన్నాకే లెక్క తెగుతుంది. అనకపోతే ఆ మనిషికి సత్ప్రసాదం అందదు. తీసుకున్నా ఒంటబట్టదు.

"నన్ను క్షమించు జంఫీరూ," అంది సఫ్తవ్వ.

"నువ్వు నాకేం చేశావు పెద్దమ్మా..."

"చేశాను. విను. మనసులో చేశాను, అది ఇంకా చెడ్డది." ఎండిన చెయ్యి వాడి తలమీద పెట్టింది. "శనివారం నీ కూర తిన్నానా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. జీవితమంతా నియమం రోజుల్లో వండాను, వందల గుండిగలు. ఒక్కసారి ఆ రుచి రాలేదు. వీడికెలా వచ్చింది? అసూయరా. చావబోతూ అసూయ! అసూయ ఊరుకుంటుందా, బిడ్డని కంటుంది. వీడు పందికొవ్వు వేసుంటాడు అనుకున్నాను. నీ మీద! నా భోజనం రోజు, నా ఆత్మ కోసం వండే కూరలో, నా చేతికింద పెరిగిన పిల్లాడు అలాంటి పని చేస్తాడని అనుకున్నాను. పొద్దున లేచి సిగ్గుపడ్డాను. కానీ అనుకున్నాను, అది నిజం. ఆ మాట లోపల పెట్టుకుని ప్రభువుని మింగలేను. నన్ను క్షమించు."

గుమ్మం దగ్గర ఇలింకా చేతిలోని పళ్ళెం తలుపుకు తగిలి చప్పుడైంది.

జంఫీర్ నోరు తెరిచాడు. 'దేవుడు' అన్న మాట నాలుక మీదికి వచ్చి అక్కడే నిలబడింది. మిగతా మాటలు దాని వెనక ఎక్కలేదు. తలమీద ఆమె చెయ్యి ఉంది, కాకి ఈకంత బరువు లేదు, అయినా మెడ ఎత్తలేకపోయాడు. క్షమించుగాక అంటే ఏమిటి? ఆమె అనుకున్నది తప్పు అని దేవుడి ఎదుట సాక్ష్యం చెప్పడం. కొవ్వు వేయడం ఒకటి. దాన్ని దాచడం ఒకటి. చావబోయే మనిషి నిజం కనిపెడితే, ఆ నిజానికి ఆమె చేతే క్షమాపణ చెప్పించుకోవడం... దీనికి పేరేమిటో కూడా వాడికి తెలీదు.

"చెప్పవేరా?" అంది సఫ్తవ్వ. "అంత కోపం వచ్చిందా?" వాడు ఆలోచించుకోనీ అన్నట్టు చెంచా తీసి ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది. "సర్లే, తీరిగ్గానే చెప్పు. నేనెక్కడికీ పోను, కాసేపటిదాకా."

"అన్నా," అంది ఇలింకా. ఒక్క మాటే. అందులో సమాధి మీది ఒట్టు ఉంది, కోళ్ళని తిట్టిన సాయంత్రం ఉంది, రేపటి ఖాళీ మంచం ఉంది.

జంఫీర్ ఆమెవైపు చూడలేదు.

"నిన్ను క్షమించాల్సిన పనేం లేదు పెద్దమ్మా," అన్నాడు నేలకేసి చూస్తూ. "నువ్వు అనుకున్నది నిజమే. శనివారం వేశాను. గుండిగ అడుగంటింది, పరువు పోతుందని వేశాను. ఇవాళ కూడా వేశాను. ఇవాళ తెలిసే వేశాను. ఇప్పుడు నీ నోట్లో ఉన్నది అదే."

సఫ్తవ్వ దవడలు ఆగిపోయాయి.

బుగ్గ ఒక పక్క ఉబ్బి ఉంది. పెదాలు మూసుకునే ఉన్నాయి. కళ్ళు మాత్రం జంఫీర్ మొహం మీద నిలిచాయి. వాటిలో కోపం ఉందేమోనని వెతికాడు. ఉంటే బాగుండునని వెతికాడు. అవి వాడికి ఏమీ చెప్పలేదు. తలమీది చెయ్యి తియ్యలేదు.

ఇలింకా మంచం దగ్గరికి పరుగెత్తి, తలగుడ్డ కొంగు పరిచి, తల్లి గడ్డం కింద పట్టింది. "ఊసెయ్యి అమ్మా. ఇందులో ఊసెయ్యి. నాదే తప్పు, నేనే వండించాను. ఊసేసి నన్ను తిట్టు, కానీ రేపటి నుంచి ఏదో ఒకటి తింటానని ఒట్టెయ్యి. అమ్మా!"

సఫ్తవ్వ ఊయలేదు. మింగలేదు.

బయట గేటు కిర్రుమంది. కోళ్ళు చెదిరాయి. వసారా మెట్లమీద బూట్లు దులుపుకుంటున్న చప్పుడు, ఆ వెంటే గొంతు సవరించుకోవడం. ఇలింకా కొంగు అలాగే పట్టుకుని బిగుసుకుపోయింది. జంఫీర్ మోకాలిమీదే ఉండిపోయాడు.

ఫాదర్ వార్లామ్ తల వంచి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. ఎర్ర గుడ్డలో చుట్టిన సత్ప్రసాదం రెండు చేతుల్తో గుండెలకు ఆనించుకుని ఉన్నాడు. గదిలో ఉన్న ముగ్గురినీ చూసి, ఎవరూ ఎదురు రానందుకు కాస్త ఆశ్చర్యపోయి, తర్వాత ముసలామె ఒళ్ళో ఉన్న గిన్నెను చూసి చిరునవ్వు నవ్వాడు.

"తింటున్నావా సఫ్తా? మంచిది, మంచిది. జబ్బు మనిషివి, ఖాళీ కడుపుతో తీసుకోవాలన్న మాట నేనడగనులే. దేవుడు నీకు ఆకలి తిరిగి ఇచ్చాడు." ఎర్ర గుడ్డను పటం కింద బల్లమీద పెట్టి, మెళ్ళో ప్రార్థన పట్టీ వేసుకుని, ప్రతిసారీ అడిగే ప్రశ్నే అడిగాడు. "నియమం నిలుపుకున్నావా?"

సఫ్తవ్వ కూతురి చేతిలోని కొంగును పక్కకు నెట్టింది. జంఫీర్ కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా, మెత్తగా, మళ్ళీ నమలడం మొదలుపెట్టింది. అంత చిన్న ముద్దకు అంతసేపు పట్టింది. తర్వాత సన్నని గొంతు ఒక్కసారి పైకి లేచి కిందికి దిగింది.

పెదాలు తుడుచుకుని అంది:

"నిలుపుకున్నాను ఫాదర్. ఇప్పుడు తెలిసి మింగిన ఈ ముద్దకు ముందు వరకూ."